పెద్ద తలుపు ఎదుటి బూత్

రాధారాణికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మామూలు రోజుల్లో నలుగురి మధ్య గలగలా మాట్లాడే మనిషి, కోపం వచ్చిన రోజున మాత్రం ఒక్కొక్క మాటా విడివిడిగా, చల్లగా అంటుంది. అరోరాలో ఆమెను ఎరిగినవాళ్ళంతా ఆ చల్లదనానికే భయపడతారు. మార్చి మొదటివారంలో ఒక మధ్యాహ్నం, ఫెయిర్‌గ్రౌండ్ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డప్పుడు ఆమె గొంతు అలాగే తగ్గిపోయింది.

"ఇంకోసారి చూడండి," అంది ఇంగ్లీషులో. "మాది పెద్ద తలుపు ఎదురుగా ఉన్న మూల బూత్."

కిటికీ లోపలి పెద్దావిడ కంప్యూటర్ కేసి మళ్ళీ వంగి చూసింది. "లేదమ్మా, అది మార్చేసుకున్నారుగా. మీ ఆయనే ఫోన్ చేశాడు. మీది ఇప్పుడు వెనక వరస, రెస్ట్‌రూమ్‌ల పక్కన." ఆవిడ తలెత్తి, జాలిగా, "ఆ మూల కోసం జనం కొట్టుకుంటారు. మీరెందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు," అంది.

"నాకూ కాలేదు," అంది రాధారాణి.

రేపటి నుంచి మూడు రోజులు అక్కడ వ్యవసాయ ప్రదర్శన. ట్రాక్టర్లు, విత్తనాలు, ఎరువులు, బూట్లు, పశువుల దాణా, రైతుకు పనికొచ్చేదేదైనా ఆ పెద్ద రేకుల షెడ్డులో కనబడుతుంది. రాధారాణి అమ్మేది టార్పులు. మొక్కజొన్న, సోయా నింపుకుని పొలం నుంచి ఎలివేటర్‌కి, అంటే ధాన్యం నిల్వచేసే గాదెలకి, పోయే లారీల మీద కప్పే మందపాటి వినైల్ పరదాలు. పక్కనున్న పిడి తిప్పితే చాప చుట్టుకున్నట్టు చుట్టుకుని, మళ్ళీ తిప్పితే తొట్టి మీద పరుచుకుంటాయి. ఆ కొట్టు అరోరా ఊరి చివర, ఇళ్ళు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉంది.

ఏలూరులో డిగ్రీ చదువుకున్న అమ్మాయి ఇల్లినాయ్‌లో లారీ పరదాలు కుట్టడమేమిటని పార్టీల్లో అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పెళ్ళై డిపెండెంట్ వీసా మీద వచ్చిన కొత్తలో ఆమెకు పని చేసే హక్కు లేదు. అమర్‌నాథ్ ఆఫీసుకి వెళ్ళాక ఇల్లు, కిటికీ, కిటికీ అవతల మంచు. గరాజ్ సేల్‌లో దొరికిన పాత కుట్టుమిషను మీద స్నేహితురాళ్ళ జాకెట్లు సరిచేస్తూ ఏళ్ళు గడిపింది. ఒక వినాయక చవితికి గుడివాళ్ళ పందిరి గుడ్డ గాలివానకి నిలువునా చిరిగిపోయింది. కమిటీవాళ్ళు కొత్తది కొందామంటుంటే, రాధారాణి దాన్ని కారులో కుక్కుకుని, హైవే పక్కన ఎప్పుడూ చూసే 'టార్ప్ రిపేర్' అన్న బోర్డు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ కొట్టు నడిపే మార్లీన్‌కి భుజం నొప్పి. వారం దాకా కుదరదంది. "మిషను మీద నేను కూర్చోవచ్చా?" అని అడిగింది రాధారాణి. చీకటి పడేలోపల పందిరి అతుక్కుంది. వర్క్ పర్మిట్ వచ్చిన మర్నాడే ఆమె మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళింది, ఈసారి పనికి. మార్లీన్ అరిజోనా వెళ్ళిపోతూ కొట్టుని ఆమెకే అమ్మింది. ఆ కొనుగోలులో అమర్‌నాథ్ అన్నగారు, వేరే రాష్ట్రంలో, ఆష్‌బర్న్‌లో ఉండే కొండల్ రావు, కొంత డబ్బు పెట్టాడు. అప్పటి నుంచి అది 'ఫ్యామిలీ బిజినెస్' అయింది. ఆ మాట అమర్‌నాథ్‌ది. అతను కొట్టుకి వచ్చేది తన ఆఫీసు సెలవు రోజుల్లో, అదీ వెబ్‌సైట్ సంగతి చూడ్డానికి.

ఈ ప్రదర్శనలో చోటు ఇచ్చే పద్ధతి ఒకటుంది. పాతవాళ్ళు ముందు కోరుకుంటారు, కొత్తవాళ్ళకి మిగిలింది ఇస్తారు. కొట్టు చేతులు మారింది కాబట్టి రాధారాణి కొత్తమనిషి కింద లెక్క. వరసగా ఐదేళ్ళు ఆమె వెనకాల, రెస్ట్‌రూమ్‌లకి దారి చెబుతూ నిలబడింది. రైతులు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆగితే ఆగారు, లేకపోతే లేదు. పోయిన నవంబర్‌లో పెద్ద తలుపు ఎదుటి మూల ఖాళీ అయిందనీ, వరసలో ముందున్నది తనేననీ ఫోన్ వచ్చినప్పుడు, ఆమె కొట్టులో మిషన్ ఆపేసి కాసేపు ఊరికే కూర్చుంది. లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడికీ మొదట కనబడే చోటు అది. ఆ చోటు కోసమే శీతాకాలమంతా పనిచేసింది. లారీ తొట్టిలో ఒక ముక్క కోసి తెచ్చినట్టు ఇనుప చట్రం చేయించి, దాని మీద నీలం రంగు టార్ప్ బిగించి, పిడి తిప్పగానే ఇనుప చెయ్యి గాల్లోకి లేచి, పరదా మొత్తం ఒక్క విసురుతో పరుచుకునేలా అమర్చింది. దాన్ని చూపించాలి. రైతుకి కాగితాలిస్తే జేబులో పెట్టుకుని మర్చిపోతాడు. పిడి చేతికిస్తే మర్చిపోడు.

ఆ చట్రం ఇప్పుడు వ్యాన్‌లో ఉంది. వ్యాన్ ముందు సీట్లో అమర్‌నాథ్ ఉన్నాడు. అరోరాలో బయల్దేరిన దగ్గర్నుంచీ హెడ్‌సెట్ పెట్టుకుని ఆఫీసు మీటింగ్‌లోనే ఉన్నాడు.

రాధారాణి తలుపు తీసింది. అతను తల తిప్పకుండానే ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని, వ్యాన్‌ని షెడ్డు చుట్టూ తిప్పి, వెనక తలుపు దగ్గర చెత్తడబ్బాల పక్కన ఆపింది. అప్పటికి మీటింగ్ అయిపోయింది.

"ఇటెందుకు తెచ్చినవ్?" అన్నాడు హెడ్‌సెట్ తీస్తూ. అని, చుట్టూ చూసి, నాలిక కరుచుకున్నాడు.

"మన బూత్ ఇక్కడేగా. మీకు తెలీదా?"

"రాణీ, చెప్దామనే అనుకున్న. నువ్వు ఆ టార్ప్ పనిల ఫుల్ బిజీగ ఉంటివి..."

"ఎందుకు మార్చారు?"

అమర్‌నాథ్ గొంతు సవరించుకున్నాడు. "అన్న ఫ్లోర్ ప్లాన్ పంపమన్నడు. పంపిన. అన్న హైదరాబాద్‌ల సిద్ధాంతిగారికి వాట్సాప్ చేసిండు. ఆయన చూసి, సౌత్ ఫేసింగ్, అస్సలు కూసోవద్దు అన్నడట. ఎట్ల కూసుంటం చెప్పు, తెలిసి తెలిసి? అదే వెనక వరసల ఒకాయనది ఈస్ట్ ఫేసింగ్ ఉంది. ధాన్యం వ్యాగన్లు అమ్ముతడు. ఫోన్ చేసి అడిగిన. ఎగిరి గంతేసిండు."

"వెయ్యడూ మరి!"

"కోపం చేయకు. మనుషులు ఎక్కడున్నా వస్తరు. ప్రొడక్ట్ మంచిగుంటె వస్తరు."

"ఐదేళ్ళు నేను ఆ రెస్ట్‌రూమ్‌ల పక్కనే నిలబడ్డాను. అప్పుడు ప్రొడక్ట్ మంచిది కాదా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. వ్యాన్ వెనక తలుపు తీసి, చట్రం ఒక కొస పట్టుకుంది. రెండో కొస అతను పట్టుకోక తప్పలేదు.

లోపల సంగతి ఇంకా అన్యాయంగా ఉంది. ఆ బూత్ మీదుగా షెడ్డంతటికీ వేడిగాలి పంపే లావుపాటి రేకు గొట్టం పోతోంది. చట్రం నిలబెట్టారు. రాధారాణి పిడి తిప్పింది. ఇనుప చెయ్యి సగం దాకా లేచి, గొట్టానికి ఠంగుమని కొట్టుకుని ఆగిపోయింది. పరదా సగం విప్పిన దుప్పటిలా వేలాడింది. పక్క బూత్‌లో తేనె సీసాలు సర్దుకుంటున్న ఆయన తలెత్తి చూసి, చూడనట్టు మళ్ళీ వంగాడు.

"సగమే ఓపెన్ చేసి చూపిద్దాం," అన్నాడు అమర్‌నాథ్.

"సగం లారీకి కప్పుకుంటారా?"

"అట్ల కాదు. ఒక వీడియో తీసి టీవీల పెడ్దాం. లూప్‌ల నడుస్తది."

రాధారాణి పిడి వదిలేసింది. ఆమెకి ఆ క్షణంలో అరవాలనిపించింది. ఇంట్లో అయితే ఏదో ఒక గిన్నె సింకులో గట్టిగా పడేసేది. ఇక్కడ చేతిలో ఉన్నది స్పానర్. దాన్ని నెమ్మదిగా నేల మీద పెట్టి, అతన్ని అక్కడే వదిలి, వరసల మధ్య నుంచి పెద్ద తలుపు వైపు నడిచింది. మారింది మళ్ళీ మారకపోతుందా అనేది ఆమె ఆశ.

మూల బూత్‌లో వ్యాగన్ల ఆయన ఒక నిచ్చెన మీద నిలబడి తన బ్యానర్ కడుతున్నాడు. పేరు కర్ట్. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, ఎర్రటి మెడతో ఉన్నాడు. వెనక వరసలో అయితే ఒక బొమ్మ వ్యాగన్ బల్ల మీద పెట్టుకునేవాడు. మూల దొరికింది కదా అని ట్రాక్టర్ వెనక తగిలించే నిజం వ్యాగనే లాక్కొచ్చేశాడు. ఆకుపచ్చ రంగు, కొత్తది, తలకన్నా ఎత్తు. రాధారాణి తనెవరో చెప్పగానే గబగబా కిందికి దిగి టోపీ తీశాడు.

"మిమ్మల్ని కలవాలనుకున్నానండీ. థాంక్స్ చెప్పాలి. మీ ఆయన ఫోన్ చేసి, ఈ చోట కూర్చోవడం మీ మతం ఒప్పుకోదు అన్నప్పుడు, నేను మా ఆవిడతో అన్నాను, చూడు, వ్యాపారం కన్నా దేవుడు ముఖ్యమనుకునే మనుషులు ఇంకా ఉన్నారు అని. నాకు చాలా గౌరవం కలిగింది."

రాధారాణి మొహంలోకి రక్తం ఎగదన్నింది. వాస్తు అన్నా బాగుండేది. మూఢనమ్మకం అనుకుని నవ్వి ఊరుకునేవాడు. మతమట! ఇప్పుడు ఈయన దగ్గర నిలబడి, అదేం లేదు, నా చోటు నాకివ్వండి అంటే మొగుణ్ణి అబద్ధాలకోరు చేసినట్టు. అనకపోతే, తనకి ఈ మూల ఏదో మైలని తనే ఒప్పుకున్నట్టు. ఒక్క ఫోన్ కాల్‌తో అమర్‌నాథ్ ఆమె నోటికి రెండు వైపులా తాళం వేశాడు.

"మా మతం అలాంటిదేం చెప్పదు," అంది చివరికి. "మా ఆయన కంగారుపడ్డారు."

కర్ట్ మొహం వాడింది. వ్యాగన్ వైపు ఒకసారి చూసుకున్నాడు. "కానీ మేడమ్, ఆఫీసులో మార్పించేశాం. నేను దీన్ని మూడు కౌంటీల అవతల నుంచి లాక్కొచ్చాను. ఇప్పుడు వెనక్కి వెళ్ళాలంటే ఇది అక్కడ పట్టనే పట్టదు."

అతని తప్పేముంది? ఆమెకి అది తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా మండింది. కనీసం కోప్పడ్డానికైనా ఎదురుగా ఒక తప్పుడు మనిషి లేడు.

కర్ట్ టోపీ మళ్ళీ పెట్టుకుని, కళ్ళ మీదకి లాక్కున్నాడు. "చోటు బంగారం గానీ, సాయంత్రమైతే ఇదొక్కటే ఇబ్బంది. ఎండ సూటిగా కళ్ళల్లోకే."

రాధారాణి తిరిగి చూసింది. పెద్ద తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల పార్కింగ్, దాని అవతల కోత అయిపోయిన మొక్కజొన్న పొలాలు, వాటి చివర, తలుపుకి సరిగ్గా ఎదురుగా, సూర్యుడు దిగిపోతున్నాడు. ఎర్రటి ఎండ కర్ట్ వ్యాగన్ మీద, ఆమె బూట్ల మీద పడుతోంది.

సూర్యుడు అస్తమించేది దక్షిణాన కాదు కదా.

ఐదేళ్ళుగా ఆ షెడ్డుకి వస్తున్నా ఆమె ఎప్పుడూ దిక్కులు చూసుకోలేదు. వెనక వరసలో ఉన్నవాళ్ళకి పొద్దు కనబడదు. ఈ షెడ్డు ఆమెకి మనుషులతో గుర్తు: బూట్లు అమ్మే జిమ్ పక్కన ఎడమకి, గొర్రెల వాళ్ళ దగ్గర కుడికి. ఇప్పుడు కర్ట్ బల్ల మీద ఉన్న షో బుక్కు తీసి అందులో ప్లాన్ చూసింది. పెద్ద తలుపు పేజీకి అడుగున ఉంది. వచ్చేవాడు కాగితం చేతిలో పట్టుకుని లోపలికి నడవాలి కాబట్టి తలుపు అడుగున వేశారు. అంతే. ఉత్తరం ఎటో ఆ బొమ్మలో ఎవరూ రాయలేదు. ఎవరికీ అక్కర్లేదు గనక.

ఆమె ఆ పుస్తకం పట్టుకుని వెనక వరసకి వచ్చింది. అమర్‌నాథ్ టీవీ పెట్టడానికి ప్లగ్ పాయింట్ వెతుకుతున్నాడు.

"ఏమండీ, ఆ మూల దక్షిణం అని ఎలా తెలిసింది?"

"ప్లాన్‌ల కిందికి ఉంది కదా. మ్యాప్‌ల కింద సౌత్, పైన నార్త్. చిన్నప్పుడు చదువుకోలే?"

"సిద్ధాంతిగారికి కూడా అదే చెప్పారా?"

"చెప్పేదేముంది? ఆయనకు తెల్వదా?"

"నాతో రండి."

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళకపోయినా అలాగే తీసుకెళ్ళి, వరస మొదట్లో నిలబెట్టింది. అక్కణ్ణుంచి పెద్ద తలుపు, తలుపులో సూర్యుడు కనబడుతున్నాయి.

"అదేమిటండీ?"

"ఏంది? సూర్యుడు."

"ఎటు దిగుతున్నాడు?"

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆర్కిటెక్ట్ అయిన అమర్‌నాథ్ కాసేపు సూర్యుణ్ణి చూశాడు. ఫోన్ తీసి దిక్సూచి తెరిచి, దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తనూ దానితోపాటు తిరిగాడు. తర్వాత వాళ్ళ బూత్ ఎటు చూస్తోందో అటు తిరిగి నిలబడి, కుడిచేతి వైపున్న తలుపు చూసి, మళ్ళీ ఫోన్ చూశాడు.

"రాణీ... అది వెస్ట్. మరి మనది..."

"దక్షిణం. తూర్పనుకుని ముచ్చటపడి మార్చుకున్నారుగా, అదే అసలు దక్షిణం."

ఆమె నవ్వలేదు. ఇంకెవరి ఇంట్లోనైనా జరిగి ఉంటే కడుపుబ్బ నవ్వేది.

అమర్‌నాథ్ వెంటనే అన్నకి వీడియో కాల్ చేశాడు. కొండల్ రావు ఆష్‌బర్న్‌లో తన సోఫాలో కాఫీ తాగుతూ తెర మీదికి వచ్చాడు. తమ్ముడు చెప్పిందంతా విని, "అరె! అట్లయిందా? ప్లాన్ మీద నార్త్ మార్క్ ఉండాలె కదరా! అమెరికోళ్ళకు ఆ మాత్రం తెల్వదా?" అని విసుక్కున్నాడు. తర్వాత రాధారాణి కనబడగానే గొంతు మెత్తగా చేసుకున్నాడు. "అమ్మా రాణీ, నువ్వు ఫికర్ చేయకు. ఒక్క నిమిషం ఆగు, సిద్ధాంతిగారిని అడిగి చెప్త."

"అవసరం లేదు బావగారూ."

"అట్లెట్లమ్మా, మీ మంచికే గదా." అప్పటికే రెండో ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వెలుగుతున్న మొహంతో మళ్ళీ తెర మీదికి వచ్చాడు. "రాణీ, దేవుడున్నడు! వెస్ట్ అయితే తమ్ముని పేరుకు ఫస్ట్ క్లాస్ అంటున్నడు. ఆ పాత బూత్‌నే మళ్ళ తీసుకోండి. చాన్సే వదలొద్దు."

రాధారాణి ఫోన్‌ని భర్త చేతిలోంచి తీసుకుంది. గొంతు ఎంత తగ్గిందంటే కొండల్ రావు తెర దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది.

"తమ్ముడి పేరుకా?"

"అవునమ్మా."

"మొదట చూపించినప్పుడు కూడా ఆయన పేరుతోనే చూపించారా?"

"ఇంటి యజమాని పేరు మీదనే చూస్తరమ్మా. పద్ధతి."

"ఇది ఇల్లు కాదు బావగారూ. కొట్టు. దీనిలో పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేది నేను. కొలతలు తీసేది నేను, కోసేది నేను, కుట్టేది నేను, వానలో లారీ ఎక్కి బిగించేది నేను. రేపు మూడు రోజులు నిలబడేదీ నేనే. ఆయన శని ఆదివారాలు వెబ్‌సైట్‌లో బొమ్మలు మారుస్తారు. ఆయన పేరుకి దక్షిణమైతేనేం, పడమరైతేనేం? నాకు వీటిమీద నమ్మకం లేదు. మీకుంది. సరే. నమ్మకం ఉన్నవాళ్ళకైనా నా పేరు గుర్తుకు రాలేదా?"

ఆష్‌బర్న్‌లో కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"గట్ల మాట్లాడకమ్మా. అందరం కలిసి పెట్టుకున్న ఫ్యామిలీ బిజినెస్..."

"అందరం కలిసి పెట్టుకున్నదైతే ఆ అందరిలో నన్నొక్కదాన్నే అడగలేదేం?"

ఫోన్ కట్ చేసి భర్తకి ఇవ్వబోయింది. అమర్‌నాథ్ అక్కడ లేడు. పెద్ద అంగలేసుకుంటూ మూల బూత్ వైపు వెళ్ళిపోతున్నాడు. ఆమె చేరేసరికి కర్ట్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"...అంటే, ఇప్పుడు మీ మతం ఒప్పుకుంటుందన్నమాట," అంటున్నాడు.

"అంటే, డైరెక్షన్ కొంచెం తప్పు చూసుకున్నాం. సారీ. ఇది మాకు పర్ఫెక్ట్ అని ఇప్పుడు తెలిసింది," అన్నాడు అమర్‌నాథ్.

"పోయిన వారం పాపం, ఈ వారం పుణ్యం. ఇదేం మతమండీ? వాతావరణ సూచనా?" కర్ట్ గొంతులో ఇందాకటి గౌరవం లేదు. "నేను కదలను. ఆఫీసుకి చెప్పుకోండి."

అక్కడే అటూ ఇటూ బూత్‌లవాళ్ళు చేతుల్లో పని ఆపి వింటున్నారు. జిమ్ బూట్ల పెట్టె తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వీళ్ళందరి మధ్యా ఐదేళ్ళుగా రాధారాణి తనకంటూ ఒక పేరు సంపాదించుకుంది. మాట అంటే మాట, తేదీ అంటే తేదీ అని. ఆ పేరు వాళ్ళ కళ్ళముందే కరిగిపోతున్నట్టు అనిపించింది ఆమెకి. మూల పోతే పోయింది. ఇది పోకూడదు.

"మీరు వెళ్ళండి," అంది భర్తతో తెలుగులో.

"నేను నచ్చజెప్త, నువ్వు..."

"వెళ్ళండి అన్నాను."

అతను ఆమె మొహం చూసి వెళ్ళాడు.

రాధారాణి కర్ట్ వైపు తిరిగింది. మాట కోసం వెతుక్కుంటూ చూపు అతని మీంచి వ్యాగన్ మీదికి పోయింది. అలవాటుకొద్దీ కళ్ళు దాని అంచుల్ని కొలిచాయి. పైన ఏమీ లేదు. నున్నటి ఆకుపచ్చ అంచు, దాని లోపల ఖాళీ.

"మీరు దీన్ని మూత లేకుండానే అమ్ముతారా?" అంది.

"మూత వేరే ఎక్కడో కొనుక్కుంటారు," అన్నాడు కర్ట్ ముభావంగా.

"వాన పడితే? లోపల ఉన్నది మొలకెత్తే దాకా చూస్తారా?"

కర్ట్ చేతులు నడుం మీంచి తీశాడు.

"నేను చోటు అడగడంలేదు," అంది రాధారాణి. "చోటు మీదే. మీ బండి మీద నా టార్ప్ బిగిస్తాను. మూడు రోజులూ దాని పక్కన నిలబడి తిప్పి చూపిస్తాను. బండి గురించి అడిగినవాళ్ళని మీ దగ్గరికి పంపిస్తాను. మీరు టార్ప్ గురించి అడిగినవాళ్ళని నా దగ్గరికి పంపండి. మూత ఉన్న బండి పక్కన మూత లేని బండి ఎవరు కొంటారో మీరే చూడండి."

కర్ట్ వ్యాగన్ చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. జిమ్ వైపు చూశాడు. జిమ్, "ఆవిడ చెప్పిన టైముకి చేస్తుంది. అది మాత్రం నేను చెప్పగలను," అన్నాడు.

"మీ ఆయన రాడు కదా?" అన్నాడు కర్ట్.

"రారు."

షెడ్డు మూసే లోపల పని అయిపోవాలి. ఆమె ఒక్కతే వెనక బూత్‌కి వెళ్ళి, చట్రం మీంచి టార్ప్ విప్పి, ఇనుప చెయ్యి, పిడి ఊడదీసి, తోపుడు బండి మీద వేసుకుని తీసుకొచ్చింది. వ్యాగన్ మీద పరిచి చూస్తే పొడవు ఎక్కువైంది. కట్ చెయ్యాలి. శీతాకాలమంతా, ఈ ఒక్క మూలకోసం, అంచులు రెండుసార్లు మడిచి, ఇత్తడి రింగులు ఒకటొకటిగా దిగ్గొట్టి చేసిన పరదా అది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దముక్కతో గీత గీసి, కత్తి పెట్టింది. వినైల్ చీల్చుకుపోయిన చప్పుడుకి ఆమెకే ఒళ్ళు జలదరించింది. ఈ కోత అసలు పడాల్సింది కాదు. ఎవరో చేసిన తప్పుకి తన చేత్తో తన పనినే కోసుకోవలసి వచ్చింది.

అమర్‌నాథ్ ఎప్పుడు వచ్చాడో, కాస్త దూరంలో నిలబడ్డాడు.

"కట్ చేస్తున్నవా? అది షో పీస్ కదా రాణీ..."

ఆమె తలెత్తలేదు. కోసిన అంచు మడిచి, వేడిగాలి గన్‌తో అతికిస్తోంది.

"సారీ. నిన్నడగాల్సింది. నిజంగనే అడగాల్సింది."

"అవును."

"నేనేం చేయాలె ఇప్పుడు? చెప్పు. నిచ్చెన పట్టుకోనా?"

"మీ బూత్ మీరు సర్దుకోండి."

"అది సౌత్ ఫేసింగ్ కదనే..." అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

రాధారాణి గన్ ఆపింది. "మూడు రోజులూ అక్కడే కూర్చోండి. ఏమవుతుందో చూసి మీ అన్నయ్యగారికి చెప్పండి."

మర్నాడు పొద్దున తలుపులు తెరిచేసరికే పార్కింగ్ నిండిపోయింది. టోపీలు, మట్టిబూట్లు, కాఫీ కప్పులతో రైతులు గుంపులు గుంపులుగా లోపలికి వచ్చారు. రాధారాణి వ్యాగన్ పక్కన నిలబడి పిడి తిప్పింది. ఇనుప చెయ్యి అడ్డం లేకుండా పైకి లేచి, అవతలికి వాలింది. నీలం పరదా పెద్ద చప్పుడుతో ఆకుపచ్చ అంచుల మీద పరుచుకుంది. ముందున్నవాళ్ళు ఉలిక్కిపడి ఆగారు. ఆమె పిడి తీసి ఎదురుగా ఉన్న ముసలి రైతు చేతికిచ్చింది. అతను తిప్పాడు. పక్కవాడు తనకిమ్మన్నాడు. కాసేపటికి అక్కడ వరస కట్టారు. కర్ట్ వ్యాగన్ గురించి మాట్లాడ్డానికి ఆమె భుజం మీదుగా అరవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అమర్‌నాథ్.

"ఇక్కడ ఒక్కరు వస్తలేరు. రెస్ట్‌రూమ్ ఎటని అడుగుతున్నరు. నేను అటొచ్చేదా?"

"రావద్దు. మాట ఇచ్చాను," అని ఫోన్ జేబులో వేసుకుంది.

నిజానికి అతను బూత్‌లోనే కూర్చున్నాడు, లేచిపోలేదు. ఆ సంగతి తేనె సీసాల ఆయన వచ్చి చెప్పాడు. అది విన్నాక కూడా ఆమెకి మనసు మెత్తబడలేదు. రాత్రి నిద్రలో కూడా ఆ కోత చప్పుడు వినబడింది ఆమెకి. అంత తొందరగా పోయే కోపం కాదిది. పోగొట్టుకోవాలని ఆమెకీ లేదు.

జనం భోజనాలకి కదిలి కాస్త పలచబడ్డాక, కర్ట్‌కి పిడి అప్పగించి, రాధారాణి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళింది. నిన్నటి పెద్దావిడే ఉంది.

"వచ్చే ఏడు కూడా మా కొట్టు వస్తుంది," అంది రాధారాణి. "వరసలో నా స్థానం పోయిందా?"

"మార్పిడి ఈ ఒక్క ఏటికే. స్థానం అలాగే ఉంది."

"అయితే ఒకటి రాసుకోండి. మా బూత్ గురించి ఇకమీదట నేను చెబితేనే. ఫోన్‌లో కాదు, నేనిక్కడికి వచ్చి చెబితేనే."

పెద్దావిడ టైపు చేస్తూ కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీ ఆయన ఫోన్ చేస్తే?"

"నన్నడగమనండి."